వైరస్ జన్యువుల్లో కోడాన్ల మొగ్గును లెక్కగట్టడం ఎలా?

"సీక్వెన్స్ దించుకున్నాను, సాఫ్ట్‌వేర్‌లో వేశాను, ఒక పట్టిక వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?" ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఎంఎస్సీ ప్రాజెక్టులో ఉన్నవాళ్లు, లేదా పీహెచ్‌డీ మొదటి సంవత్సరం వాళ్లు. పట్టిక తెప్పించడం పది నిమిషాల పని. దాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికే రోజులు పడతాయి. అందుకే ఇక్కడ లెక్కల కంటే వాటిలో దొర్లే తప్పుల గురించే ఎక్కువ రాశాను.

సిద్ధాంతం మూడు ముక్కల్లో చెప్తాను. జన్యువు సీక్వెన్స్ అంటే ఏ, టీ, జీ, సీ అన్న నాలుగు అక్షరాల వరుస. దాన్ని మూడేసి అక్షరాలుగా చదివితే ఒక్కో ముక్క ఒక కోడాన్, అది ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. మొత్తం కోడాన్లు 64. వాటిలో 3 ఆపు గుర్తులు. మిగతా 61లో మిథియోనైన్‌కు ఒకటి, ట్రిప్టోఫాన్‌కు ఒకటి మాత్రమే ఉన్నాయి కాబట్టి అక్కడ ఎంచుకోవడానికి ఏమీ లేదు. మిగిలిన 59 కోడాన్లు 18 అమైనో ఆమ్లాలకు సేవ చేస్తాయి. ఒకే అమైనో ఆమ్లానికి రెండు, మూడు, నాలుగు లేదా ఆరు కోడాన్లు ఉన్నప్పుడు వైరస్ వాటిని సమానంగా వాడదు, కొన్నిటివైపు మొగ్గుతుంది. మనం కొలిచేది ఆ మొగ్గునే.

మరి ఆ మొగ్గు ఎందుకు వచ్చింది? "వైరస్ మనిషికి అలవాటు పడింది" అని రాసేయాలని అందరికీ చేయి దురద పెడుతుంది. రాసే ముందు ఒక్క విషయం ఆలోచించండి. రూబెల్లా వైరస్ జన్యుపదార్థంలో జీ, సీ అక్షరాలు కలిపి దాదాపు 70 శాతం. కోవిడ్ తెచ్చిన కరోనా వైరస్‌లో అవి దాదాపు 38 శాతమే. రెండూ మనుషుల కణాల్లోనే, అదే టీఆర్ఎన్ఏలతో (అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే అణువులతో) ప్రొటీన్లు చేసుకుంటాయి. అయినా వాటి కోడాన్ల ఎంపిక ఒకదానికొకటి దాదాపు తిరగేసినట్టు ఉంటుంది. ఆతిథేయి (వైరస్ సోకే జీవి) ఒక్కటే కారణమైతే ఇలా జరగకూడదు కదా. కింది దశలన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

మామూలు ల్యాప్‌టాప్ చాలు. సీక్వెన్సులకు జెన్‌బ్యాంక్, రెఫ్‌సెక్ అనే డేటాబేస్‌లు ఉన్నాయి. ఫ్లూ, కోవిడ్ సీక్వెన్సులు జీఐఎస్ఏఐడీలో విస్తారంగా దొరుకుతాయి, కానీ అక్కడివాటిని బయట మళ్లీ పంచకూడదన్న షరతు ఉంది, చదివి సంతకం పెట్టండి. లెక్కలకు కోడాన్‌డబ్ల్యూ, ఎంబాస్‌లోని కస్ప్, చిప్స్, లేదా ఆర్ భాషలో సెక్‌ఇన్ఆర్ ప్యాకేజీ, ఏదైనా సరే. పైతాన్ వస్తే బయోపైతాన్‌తో చేసుకోండి, ఏడో దశలో అది బాగా పనికొస్తుంది. ఆతిథేయి కోడాన్ పట్టికకు చాలామంది కజూసా డేటాబేస్ వాడతారు. అది 2007 నాటి జెన్‌బ్యాంక్ మీద ఆధారపడి ఉంది. కోకోపుట్స్ కొత్తది, వీలైతే అదే తీసుకోండి.

వీటన్నిటికంటే ముందు కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోండి. "కోడాన్ వాడకాన్ని అధ్యయనం చేయడం" ప్రశ్న కాదు. "ఈ వైరస్ ఉపరితల ప్రొటీన్ జన్యువులో కనిపించే మొగ్గు కేవలం అక్షరాల నిష్పత్తి వల్లేనా, ఇంకేమైనా ఉందా?" అన్నది ప్రశ్న.

1. ప్రొటీన్ కోడ్ చేసే భాగాన్ని మాత్రమే దించుకోండి

మొత్తం జీనోమ్‌ను సాఫ్ట్‌వేర్‌లో వేయకూడదు. రెండు చివర్లలో ప్రొటీన్‌గా మారని భాగాలుంటాయి. మొదటి అక్షరం నుంచి మూడేసి చొప్పున చదువుకుంటూ పోతే అంతా తప్పు ఫ్రేమ్‌లో, అంటే మూడేసి అక్షరాల తప్పు విభజనలో, పడుతుంది. తమాషా ఏమిటంటే, అప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు, చక్కటి పట్టిక ఇచ్చేస్తుంది. జెన్‌బ్యాంక్ రికార్డులో సీడీఎస్ అని గుర్తించిన భాగాలనే ఫాస్టా రూపంలో తీసుకోండి.

ఇక్కడ తరచూ అడిగే ప్రశ్న: "ఇది ఆర్ఎన్ఏ వైరస్ కదా, ఫైల్‌లో యూ బదులు టీ ఎందుకుంది?" జెన్‌బ్యాంక్‌లో అన్నీ టీతోనే రాస్తారు. లెక్కకు తేడా లేదు. ఒకే ఫైల్‌లో రెండూ కలవకుండా చూసుకుంటే చాలు.

2. వైరస్‌ల కొంటె వేషాలు కనిపెట్టండి

తక్కువ చోటులో ఎక్కువ ప్రొటీన్లు ఇరికించడానికి వైరస్‌లు రకరకాల ఉపాయాలు పన్నుతాయి. మామూలు జన్యువుల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కు అవి తెలియవు.

కరోనా వైరస్‌లో ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ ఒకచోట ఒక అక్షరం వెనక్కి జారుతుంది. రెఫరెన్స్ సీక్వెన్స్ ఎన్‌సీ_045512 చూడండి. ఓఆర్ఎఫ్1ఏబీ అనే పెద్ద జన్యువు 266 నుంచి 13468 వరకు, మళ్లీ అదే 13468 నుంచి 21555 వరకు అని రాసి ఉంటుంది. 13468వ అక్షరాన్ని రెండుసార్లు లెక్కపెట్టాలన్నమాట. అలా చేస్తే పొడవు 21,291 వస్తుంది, మూడుతో సరిగ్గా భాగించబడుతుంది. 266 నుంచి 21555 వరకు ఏకంగా కత్తిరిస్తే 21,290 వస్తుంది, భాగించబడదు. ఒక్క అక్షరం తేడాతో జన్యువులో మూడో వంతుకు పైగా తప్పు ఫ్రేమ్‌లోకి పోతుంది.

అదే రికార్డులో ఓఆర్ఎఫ్1ఏ కూడా వేరుగా ఉంటుంది. అది ఓఆర్ఎఫ్1ఏబీ మొదటి భాగమే. నేను మొదటిసారి చేసినప్పుడు రెండింటినీ కలిపేసి, మొత్తం జీనోమ్ కోడాన్ వాడకం అంటూ అందరి ముందూ చూపించాను. ఒక జూనియర్ అమ్మాయి మెల్లగా అడిగింది, "అన్నా, జీనోమ్ పొడవు 29,903 కదా, మీ కోడింగ్ భాగం అంతకంటే ఎక్కువ ఎలా ఉంది?" నిజమే, ఆ రెండూ కలిస్తేనే 34,509. అప్పటి నుంచి కోడింగ్ పొడవుల మొత్తాన్ని జీనోమ్ పొడవుతో పోల్చడం నా మొదటి పరీక్ష అయింది. మీరూ పెట్టుకోండి.

ఎబోలా ఉపరితల గ్లైకోప్రొటీన్ జన్యువులో, పాలిమరేజ్ (ఆర్ఎన్ఏ కాపీలు తీసే ఎంజైమ్) వరుసగా ఉన్న 'ఏ' అక్షరాల దగ్గర ఒక 'ఏ'ను అదనంగా చేర్చితేనే పూర్తి ప్రొటీన్ వస్తుంది. నిపా వైరస్ పీ జన్యువులో ఇలాంటి అదనపు చేర్పు వల్లే వీ, డబ్ల్యూ ప్రొటీన్లు వస్తాయి, పైగా సీ ప్రొటీన్ వేరే ఫ్రేమ్‌లో అతివ్యాప్తంగా, అంటే అదే చోటును పంచుకుంటూ, ఉంటుంది. ఫ్లూలో ఎం2 ప్రొటీన్ స్ప్లైసింగ్‌తో, అంటే ఆర్ఎన్ఏలో మధ్య ముక్క కత్తిరించి చివరలు అతికించడంతో, వస్తుంది. అందుకే నిర్దేశాంకాలు (మొదలు, ముగింపు స్థానాల అంకెలు) చేత్తో కొట్టకండి, రికార్డులో ఇచ్చిన జోడింపును సాఫ్ట్‌వేర్‌తో చదివించండి.

అతివ్యాప్త జన్యువుల సంగతి ఇంకా ముఖ్యం. హెపటైటిస్ బీ వైరస్‌లో ఉపరితల ప్రొటీన్ జన్యువు మొత్తం పాలిమరేజ్ జన్యువు లోపలే, వేరే ఫ్రేమ్‌లో ఉంది. అక్కడ ఒక కోడాన్ మూడో అక్షరం మారితే పక్క ఫ్రేమ్‌లో అమైనో ఆమ్లమే మారిపోవచ్చు. ఆ చోట కోడాన్ ఎంపిక స్వేచ్ఛగా జరగదు. అలాంటి భాగాలను తీసేయండి, లేదా విడిగా లెక్కగట్టి చూపించండి. కలిపి మాత్రం చూపించకండి.

3. శుభ్రం చేయండి

ప్రతి సీక్వెన్స్‌కూ ఇవి చూడండి: ఏటీజీతో మొదలవుతోందా, ఆపు కోడాన్‌తో ముగుస్తోందా, మధ్యలో ఎక్కడైనా ఆపు కోడాన్ వస్తోందా, పొడవు మూడుతో భాగించబడుతోందా. కరోనా స్పైక్ జన్యువైతే రెఫరెన్స్‌లో 3,822 అక్షరాలు, అంటే ఆపు కోడాన్‌తో కలిపి 1,274 కోడాన్లు రావాలి. డిలీషన్లున్న (కొన్ని అక్షరాలు ఊడిపోయిన) వేరియంట్లలో కొంచెం తగ్గుతుంది, కంగారు పడకండి. ఎబోలా, నిపాలాంటి చోట్ల అదనపు అక్షరం చేరిన రూపం వేరుగా ఉంటుంది కాబట్టి రెండో దశ గుర్తుంచుకుని తీర్పు చెప్పండి.

ఎన్ అని ఉన్న అక్షరాలు సీక్వెన్సింగ్‌లో చదవలేకపోయినవి. అవి 1 శాతం దాటితే ఆ సీక్వెన్స్‌ను నేను పక్కన పెట్టేస్తాను. ఇది నా హద్దు మాత్రమే, మీ హద్దు వేరే అయితే వేరే పెట్టుకోండి, కానీ రాసి చూపించండి.

ఇక డూప్లికేట్లు. ఒకే ఊళ్లో ఒకే నెలలో వచ్చిన ఐదు వందల సీక్వెన్సులు ఐదు వందల ఆధారాలు కావు, దాదాపు ఒకటే. సీడీ-హిట్ అనే ప్రోగ్రాంతో 99 శాతం పోలిక దగ్గర గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచి ఒకటి తీసుకోండి. టీకా స్ట్రెయిన్లు, ప్రయోగశాల కణాల్లో పదేపదే పెంచినవి కూడా తీసేయండి. వాటి మీద పడిన ఒత్తిడి వేరు.

4. ఆర్ఎస్‌సీయూ లెక్కించండి

ఈ కొలత పేరు సాపేక్ష సమానార్థక కోడాన్ వాడకం. అందరూ పొడి అక్షరాలతోనే పిలుస్తారు. ఒక కోడాన్ ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యను, అదే అమైనో ఆమ్లపు కోడాన్లన్నీ సమానంగా వాడి ఉంటే రావలసిన సంఖ్యతో భాగించడమే. ఒక జన్యువులో ఆర్జినైన్ 42 సార్లు వచ్చిందనుకుందాం. దానికి ఆరు కోడాన్లు కాబట్టి ఒక్కొక్కటి 7 సార్లు రావాలి. ఏజీఏ 20 సార్లు వస్తే, 20ని 7తో భాగించి 2.86 అంటాం.

1.6 దాటితే ఎక్కువ వాడకం, 0.6 కంటే తగ్గితే తక్కువ వాడకం అని ఒక ఆనవాయితీ. దీన్ని గుడ్డిగా పట్టుకోకండి. రెండే కోడాన్లున్న లైసిన్‌లో 1.6 రావాలంటే ఆ కోడాన్ 80 శాతం సార్లు రావాలి. ఆరు కోడాన్లున్న ఆర్జినైన్‌లో 27 శాతం వస్తే చాలు, 1.6 వచ్చేస్తుంది. అందుకే ఆర్జినైన్, ల్యూసిన్, సెరైన్ కోడాన్లు ఎప్పుడూ జాబితా పైన కూర్చుంటాయి. చాలా నివేదికల్లో దీన్నే గొప్ప విషయంగా రాస్తుంటారు.

సరిచూసుకోవడం తేలిక. ఒక్కో అమైనో ఆమ్లపు విలువలు కూడితే దాని కోడాన్ల సంఖ్య రావాలి: లైసిన్‌కు 2, ఆర్జినైన్‌కు 6. అన్నీ కూడితే 59. ఏదైనా అమైనో ఆమ్లం ఆ జన్యువులో అసలు లేకపోతే మాత్రం ఆ మేరకు తగ్గుతుంది.

ఈ దశలోనే సీ తర్వాత జీ వచ్చే కోడాన్లను విడిగా చూడండి. అవి ఎనిమిది: సీజీతో మొదలయ్యే నాలుగు ఆర్జినైన్ కోడాన్లు, ఇంకా టీసీజీ, సీసీజీ, ఏసీజీ, జీసీజీ. ఎనిమిదీ కలిసికట్టుగా తక్కువగా ఉంటే అసలు విషయం కోడాన్ ఎంపిక కాదు, సీజీ జంటను తప్పించుకోవడమే. మన కణాల్లో జాప్ అనే ప్రొటీన్ ఆర్ఎన్ఏలో సీజీ జంటలను పట్టుకుని వైరస్‌ను అడ్డుకుంటుంది. అనేక ఆర్ఎన్ఏ వైరస్‌లలో ఈ జంట తక్కువగా ఉండడానికి అదొక కారణం. ఖాయం చేసుకోవడానికి సీజీ జంటల సంఖ్యను మొత్తం పొడవుతో గుణించి, సీల సంఖ్య, జీల సంఖ్యల లబ్ధంతో భాగించండి. 0.78 కంటే తక్కువ వస్తే జంట కొరత ఉన్నట్టే. ఇది చూడకుండా "మనిషిలో అరుదైన కోడాన్లను వైరస్ వదిలేసింది" అని రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

5. ఈఎన్‌సీ, దాని గీత, ఆ గీతతో వచ్చే ప్రమాదం

జన్యువు మొత్తంగా ఎన్ని కోడాన్లను నిజంగా వాడుకుంటోందో ఒకే అంకెలో చెప్పే కొలత ఈఎన్‌సీ. ఫ్రాంక్ రైట్ 1990లో ప్రతిపాదించాడు. 20 వస్తే ప్రతి అమైనో ఆమ్లానికి ఒకే కోడాన్ వాడుతున్నట్టు. 61 వస్తే మొగ్గు ఏమాత్రం లేనట్టు. 35 లోపు వస్తే బలమైన మొగ్గు అంటారు. నూరు కోడాన్ల కంటే చిన్న జన్యువుల్లో ఈ అంకె ఊగిసలాడుతుంది, దాని మీద ఇల్లు కట్టకండి.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి రెండు దొంగ జన్యువులు తయారు చేసుకోండి. ఒకదానిలో 61 కోడాన్లనూ నూరేసి సార్లు పెట్టండి, 61 రావాలి. ఇంకోదానిలో ప్రతి అమైనో ఆమ్లానికి ఒకే కోడాన్‌ను నూరేసి సార్లు పెట్టండి, 20 రావాలి. నూరుకు బదులు ఒక్కసారే పెడితే సూత్రంలో సున్నాతో భాగించాల్సి వచ్చి ప్రోగ్రాం పడిపోవచ్చు. అది మీ తప్పు కాదు.

తర్వాత అడ్డ అక్షం మీద జీసీ3ఎస్, నిలువు అక్షం మీద ఈఎన్‌సీ పెట్టి చుక్కలు వేయండి. జీసీ3ఎస్ అంటే కోడాన్ మూడో స్థానంలో జీ లేదా సీ ఉన్న భాగం, మిథియోనైన్, ట్రిప్టోఫాన్, ఆపు కోడాన్లను వదిలేసి లెక్కించినది. దీని బదులు, ఏ కోడాన్‌నూ వదలకుండా లెక్కించిన మామూలు జీసీ3 పెట్టేయడం రోజూ చూసే పొరపాటు. ఆ పక్కనే ఊహించిన గీత గీయాలి. సూత్రం మాటల్లో: జీసీ3ఎస్‌ను దానితోనే గుణించండి, 1లోంచి జీసీ3ఎస్ తీసేసి మిగిలినదాన్నీ దానితోనే గుణించండి, రెండూ కూడండి, 29ని ఆ మొత్తంతో భాగించండి, వచ్చినదానికి జీసీ3ఎస్‌నూ 2నూ కలపండి. జీసీ3ఎస్ 0.5 అయితే 60.5, 0.28 అయితే 50.9 రావాలి. ఈ రెండూ రాకపోతే మీ సూత్రంలో ఎక్కడో కుండలీకరణం తప్పింది.

చుక్క గీత మీద ఉంటే అక్షరాల నిష్పత్తి ఒక్కటే కారణమని, గీత కింద ఉంటే ప్రకృతి వరణం (మేలు చేసే మార్పులే నిలవడం) పనిచేసిందని పుస్తకాలు చెప్తాయి. ఇక్కడే ఆగండి. ఆ గీత ఏ, టీ సమానమనీ, జీ, సీ సమానమనీ ముందే అనుకుని గీసింది. కరోనా వైరస్‌లో కోడాన్ మూడో స్థానంలో టీ విపరీతంగా ఎక్కువ. హెచ్‌ఐవీలో జన్యుపదార్థమంతటా 'ఏ' ఎక్కువ. ఇలాంటి వైరస్‌ల చుక్కలు ఏ వరణమూ లేకపోయినా గీత కిందికే దిగుతాయి. జాన్ నొవెంబ్రే 2002లో అక్షరాల అసలు నిష్పత్తిని లెక్కలోకి తీసుకునేలా ఈ కొలతను సవరించాడు. వైరస్‌లకు నేను ఆ సవరించినదాన్నే నమ్ముతాను. అది చేయలేకపోతే, కనీసం నాలుగు అక్షరాల మూడో స్థానపు శాతాలను విడివిడిగా పట్టికలో ఇవ్వండి.

తటస్థత గ్రాఫ్ గురించి కూడా అడుగుతుంటారు. మొదటి రెండు స్థానాల జీసీని మూడో స్థానపు జీసీ మీద వేసి వాలు చూస్తారు. వాలు 1కి దగ్గరైతే మ్యుటేషన్ ఒత్తిడి (మార్పులు కొన్ని అక్షరాలవైపే మొగ్గడం), 0కి దగ్గరైతే వరణం అంటారు. ఒకే వైరస్ స్ట్రెయిన్లలో జీసీ3 మహా అయితే ఒకటి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. అంత ఇరుకు చోటులో గీసిన గీత వాలుకు అర్థం లేదు. వేర్వేరు జాతుల వైరస్‌లను కలిపి చూసేటప్పుడే దీన్ని వాడండి.

6. ఆతిథేయితో పోలిక: సీఏఐ

కోడాన్ అనుకూలన సూచిక లేదా సీఏఐ 0 నుంచి 1 వరకు ఉంటుంది. ఆతిథేయి ఎక్కువగా వాడే కోడాన్లనే వైరస్ కూడా వాడితే 1కి దగ్గరవుతుంది. ఒక పెద్ద ఉచ్చు ఉంది: కోడాన్‌డబ్ల్యూ తనంతట తాను వాడే రెఫరెన్స్ ఈ.కోలై బ్యాక్టీరియాది. మార్చకుండా నొక్కేస్తే మీ నిపా వైరస్ పేగుల్లోని బ్యాక్టీరియాకు ఎంత అలవాటు పడిందో చెప్తుంది. నవ్వకండి, చూశాను.

ఆతిథేయి ఎవరన్నదీ ఆలోచించాలి. డెంగీకి మనిషి, ఏడిస్ దోమ రెండూ కావాలి. నిపాకు సహజ ఆశ్రయం టెరోపస్ గబ్బిలాలు. మనిషి పట్టిక ఒక్కటే పెట్టి మనిషికి అనుకూలించిందని తేల్చడం, ఒకే గుర్రంతో పందెం పెట్టి గెలిచిందనడం లాంటిది. సంబంధం లేని ఒక జంతువు పట్టికను కూడా పోలికకు పెట్టండి. దానితోనూ అంతే సీఏఐ వస్తే మీకు సమాధానం దొరికినట్టే.

7. దొంగ జన్యువులతో తేల్చుకోండి

మొత్తంలో ఒక్క దశే చేయగలిగితే ఇది చేయండి. సీఏఐ 0.7 వచ్చిందంటే ఎక్కువా తక్కువా? దేనితో పోల్చాలో తెలియకపోతే చెప్పలేం.

అమైనో ఆమ్లాల వరుసను మార్చకుండా, ప్రతి చోటా కోడాన్‌ను లాటరీ తీసినట్టు కొత్తగా ఎంచండి. లాటరీలో ఒక్కో కోడాన్‌కు బరువు, ఆ జన్యువు మూడో స్థానంలో దాని చివరి అక్షరం ఎంత శాతం ఉందో అంత. ఆరు కోడాన్ల కుటుంబాల్లో మొదటి అక్షరం కూడా మారుతుంది కాబట్టి అక్కడ మూడు స్థానాల శాతాల లబ్ధం తీసుకోండి. ఇలా వెయ్యి దొంగ జన్యువులు చేసి ప్రతిదానికీ సీఏఐ లెక్కించండి. పైతాన్‌లో ఇది యాభై లైన్ల పని. అసలు జన్యువు విలువ ఆ వెయ్యిలో మధ్య 95 శాతం లోపల పడితే, అక్షరాల నిష్పత్తి దాటి చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేదు. బయట పడితే అప్పుడు మాట్లాడండి, అది కూడా నాలుగో దశలో సీజీ జంటల కొరత తేల్చుకున్న తర్వాతే.

ఇక్కడ మంచి మంచివాళ్లే బోల్తా పడే చోటు ఒకటుంది. కొత్తగా ఎంచకుండా, జన్యువులో ఉన్న సమానార్థక కోడాన్లనే అటూఇటూ మార్చి కలిపేస్తారు. అలా చేస్తే కోడాన్ల మొత్తం సంఖ్యలు మారవు, కాబట్టి వెయ్యింటికీ సీఏఐ అసలుదానితో సమానంగా వస్తుంది. మీ హిస్టోగ్రాం ఒకే కడ్డీలా నిలబడితే జరిగింది ఇదే. ఆ పద్ధతి కోడాన్ జంటలను పరీక్షించడానికి, మొగ్గును పరీక్షించడానికి కాదు.

8. రాసేటప్పుడు

2003లో గారెత్ జెంకిన్స్, ఎడ్వర్డ్ హోమ్స్ మనుషులకు సోకే 50 ఆర్ఎన్ఏ వైరస్‌లను చూసి, కోడాన్ మొగ్గు మొత్తం మీద తక్కువేననీ, ఉన్నదానికి ప్రధాన కారణం మ్యుటేషన్ ఒత్తిడేననీ తేల్చారు. మీ ఫలితమూ అలాగే వస్తే నిరాశ పడకండి, దాన్ని అలాగే రాయండి. హెపటైటిస్ ఏ వైరస్‌లాంటి మినహాయింపులున్నాయి. అది మనిషి కణాల్లో అరుదైన కోడాన్లనే ఎక్కువగా వాడుతుంది. అనువాదం నెమ్మదించి కాప్సిడ్ (వైరస్ తొడుగు) ప్రొటీన్ సరిగ్గా మడత పడటానికి అది ఉపయోగపడుతుందని దాని మీద పనిచేసినవాళ్ల వాదన. అంటే సీఏఐ తక్కువగా ఉండటం వైరస్ చేతకానితనమేమీ కాదు.

యాక్సెషన్ నంబర్ల (డేటాబేస్‌లో ఒక్కో సీక్వెన్స్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్ల) జాబితా, దించుకున్న తేదీ, తీసేసిన సీక్వెన్సులు ఎన్ని, ఎందుకు తీశారు, ఏ ఆతిథేయి పట్టిక, సాఫ్ట్‌వేర్ వెర్షన్, లాటరీకి వాడిన రాండమ్ సీడ్ (అదే లాటరీ మళ్లీ వచ్చేలా చేసే అంకె), ఇవన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. తర్వాత ఆ ఫోల్డర్‌ను ఈ పని తెలియని స్నేహితుడికో స్నేహితురాలికో ఇచ్చి, మీరు పక్కన లేకుండా నడిపించమనండి. స్పైక్ జన్యువుకు 1,274 కోడాన్లు, 59కి కూడిన పట్టిక, దొంగ జన్యువులకు 61, 20 వాళ్ల తెర మీద కూడా వస్తే పంపించేయండి.